జన్యు పరీక్ష చెప్పిందేమిటి? మైదానం చెప్పిందేమిటి?

చిన్న ప్లాస్టిక్ గొట్టంలో కాస్త ఉమ్మి నింపి పంపితే కొన్ని వారాల్లో మన శరీరాన్ని గురించి పెద్ద రిపోర్టు వచ్చే కాలం ఇది. చెవిలో గులిమి పొడిగా ఉంటుందా జిగటగా ఉంటుందా, పాలు అరుగుతాయా అరగవా, కాఫీ తాగితే నిద్ర పడుతుందా పట్టదా అన్న సంగతులు మొదలుకొని, మన కండరాలు వేగంగా పరుగెత్తడానికి తగినవా, దూరం పరుగెత్తడానికి తగినవా అన్నదాకా అందులో వ్రాసి ఉంటుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు బహుమతిగా ఈ పరీక్ష చేయిస్తున్నారు. మన నగరాల్లోనూ ఈ పరీక్షలు చేసే సంస్థలు వచ్చాయి.

రిపోర్టు చేతికి రాగానే నడివయసు దాటినవారు చేసే పని ఒకటున్నది. నేరుగా కండరాల పేజీ తెరిచి, దాన్ని తమ కాలేజీ రోజులతో పోల్చి చూసుకుంటారు. "ఓహో, అందుకేనా నేను వంద మీటర్లలో ఎప్పుడూ వెనకబడింది!" అని ఒకరు తేలికపడతారు. "నాలో స్ప్రింటర్ జన్యువు ఉన్నదట, ఆ రోజుల్లో గుర్తించినవాళ్ళే లేరు" అని మరొకరు నిట్టూరుస్తారు. ఇది సరదాగా సాగినంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ ఒక్క పేజీని చూసి పదేళ్ళ పిల్లకు ఏ ఆట నేర్పాలో, ఏ ఆట మాన్పించాలో నిర్ణయించే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అందుచేత ఆ పేజీలో శాస్త్రం ఎంత, ఊహ ఎంత అన్నది విచారించవలసి ఉన్నది.

ఒక్క అక్షరం మార్పు

మొదట కండరాల సంగతి చూద్దాం. మన కండరాల్లో ముఖ్యంగా రెండు రకాల పోగులుంటాయి. ఒక రకం నెమ్మదిగా ముడుచుకుంటాయి, కానీ తొందరగా అలసిపోవు. రెండో రకం చటుక్కున ముడుచుకుని ఎక్కువ బలం చూపిస్తాయి, కానీ త్వరగా డస్సిపోతాయి. కోడికూర తినేవారికి ఈ భేదం విస్తరిలోనే కనిపిస్తుంది. కోడి రోజంతా కాళ్ళమీద తిరుగుతుంది కనుక దాని తొడ కండ ముదురు రంగులో ఉంటుంది. రెక్కలు మాత్రం కుక్క తరిమినప్పుడు ఒక్క ఊపున గోడ ఎక్కడానికే గనుక రొమ్ము కండ తెల్లగా ఉంటుంది. మొదటిది దూరపు పరుగు కండ, రెండోది వంద మీటర్ల కండ అనుకోవచ్చు. మనిషి కండరాల్లో ఈ రెండు రకాల పోగులూ కలగలిసి ఉంటాయి. ఎవరిలో ఏ రకం ఎంత పాలు అన్నదే తేడా.

ఈ చురుకు పోగుల్లో ఆల్ఫా-ఆక్టినిన్-3 అనే ప్రోటీన్ ఉంటుంది. దీన్ని తయారుచేసే సూచనలు 11వ క్రోమోజోము మీద ఏ.సి.టి.ఎన్.-3 అనే జన్యువులో ఉన్నాయి. జన్యు భాషలో ప్రతి మాటకూ మూడే అక్షరాలు. ఈ జన్యువులో 577వ మాట కొందరిలో సి.జి.ఏ. అని, కొందరిలో టి.జి.ఏ. అని ఉంటుంది. మొదటి మాటకు అర్థం "ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇక్కడ చేర్చు" అని. రెండో మాటకు అర్థం "ఇక్కడితో ఆపు" అని. ఆ ఆజ్ఞతో ప్రోటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది.

ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండు ప్రతులూ పనిచేసేవైతే దాన్ని ఆర్.ఆర్. అంటారు. ఒకటి పనిచేసి ఒకటి ఆగిపోయేదైతే ఆర్.ఎక్స్., రెండూ ఆగిపోయేవైతే ఎక్స్.ఎక్స్. అంటారు. ఎక్స్.ఎక్స్. వారిలో ఆ ప్రోటీన్ అసలు ఉండదు. ఇది జబ్బు కాదు. ప్రపంచంలో వంద కోట్లకు పైగా మనుషులు ఇలా ఉన్నారు, హాయిగా ఉన్నారు. పైగా 2021లో వెలువడిన ఒక ప్రయోగంలో 14 డిగ్రీల చన్నీళ్ళలో కూర్చోబెట్టినప్పుడు ఎక్స్.ఎక్స్. వారే తమ శరీరపు వేడిని బాగా నిలుపుకోగలిగారు. మనిషి చలిదేశాలకు విస్తరించిన కాలంలో ఈ మార్పు వ్యాపించడానికి అది కారణమై ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

ఒలింపిక్ జన్యువు అన్న పేరు ఎలా వచ్చింది?

ఆస్ట్రేలియాలో కాథరిన్ నార్త్ బృందం 1999లో ఈ మార్పును వెల్లడించింది. 2003లో అదే దేశంలో మేటి క్రీడాకారులను పరీక్షించారు. మామూలు జనంలో ఎక్స్.ఎక్స్. వారు నూటికి 18 మంది. వేగం, బలం కావలసిన ఆటల్లో ఉన్న 107 మంది మేటి క్రీడాకారుల్లో నూటికి 6 మందే. దూరపు పరుగులు, అలాంటి ఓర్పు ఆటల వారిలో నూటికి 24 మంది. ఈ అంకెలు బయటికి రాగానే పత్రికలు దీనికి "వేగపు జన్యువు" అని పేరు పెట్టాయి. తరువాత కొద్ది ఏళ్ళకే పరీక్షలు అమ్మకానికి వచ్చాయి.

అంకెలు నిజమే. అయితే అవి దేన్ని గురించిన అంకెలు? ఒక గుంపును గురించినవి. ఒక మనిషిని గురించినవి కావు. ఈ తేడా ఒక లెక్కతో తేలిపోతుంది. ఆసియావాసుల్లో ఎక్స్.ఎక్స్. వారు సుమారు నాలుగో వంతు ఉంటారు. వెయ్యిమంది చదివే కాలేజీ తీసుకుందాం. 250 మంది ఎక్స్.ఎక్స్. అనుకుంటే మిగిలిన 750 మందిలో కనీసం ఒక ప్రతి అయినా పనిచేస్తూ ఉంటుంది. ఈ 750 మందీ పరీక్ష చేయించుకుంటే అందరి రిపోర్టులోనూ "మీ కండరాలు స్ప్రింటర్ల కండరాలను పోలినవి" అన్న అర్థం వచ్చే వాక్యమే ఉంటుంది. కానీ కాలేజీ రిలే టీముకు కావలసింది నలుగురు! ఆ నలుగురెవరో ఆ కాగితం చెప్పలేదు. పి.డి. గారు ఒక సాయంత్రం మైదానంలో సున్నం గీతలు గీయించి, విజిల్ ఊదితే తెలిసిపోతుంది.

ఇంకో దృష్టాంతం. కెన్యాలో ఎక్స్.ఎక్స్. వారు నూటికి ఒక్కరు ఉంటారేమో. అంటే దాదాపు దేశమంతా "స్ప్రింటర్ రకమే". మరి కెన్యా లోకానికి ఇచ్చింది ఎవరిని? మారథాన్ వీరులను. 2023లో చికాగోలో 42 కిలోమీటర్ల పై చిల్లర దూరాన్ని 2 గంటల 35 సెకన్లలో ముగించిన కెల్విన్ కిప్టుమ్ ఆ దేశం వాడే. దీనికి ఎదురు దృష్టాంతం స్పెయిన్‌లో ఉన్నది. రెండుసార్లు ఒలింపిక్స్‌కు వెళ్ళి, 8.26 మీటర్ల దూరం దూకిన ఒక లాంగ్‌జంప్ క్రీడాకారుడు ఎక్స్.ఎక్స్. అని అక్కడి పరిశోధకులు 2007లో ప్రకటించారు. లాంగ్‌జంప్ అంటే వేగం, ఊపు తప్ప మరేమీ కాదు. కాగితం ప్రకారం అతడు ఆ గోతి దగ్గరికే పోగూడదు!

గులిమి వేరు, పరుగు వేరు

రిపోర్టులో గులిమి సంగతి దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. పాల సంగతీ చాలావరకు సరిపోతుంది. పరుగు సంగతి ఎందుకు సరిపోదు? గులిమి విషయం ప్రధానంగా ఒకే జన్యువు చేతిలో ఉన్నది కనుక. పరుగు అలా కాదు. గుండె ఎంత రక్తం తోడుతుంది, ఊపిరితిత్తులు, కాలి పొడవు, మడమ వెనక నరం బిగువు, నాడుల చురుకు, నొప్పి ఓర్చుకునే మనస్సు, ఇవన్నీ కలిస్తే పరుగు. ఒక్కొక్కదాని వెనుక ఎన్నో జన్యువులు ఉన్నాయి.

టేపుతో కొలిచి చెప్పగలిగిన ఎత్తు సంగతే చూడండి. 54 లక్షల మందిని పరిశీలించి 2022లో వెలువరించిన ఫలితాల్లో ఎత్తుతో సంబంధం ఉన్న డి.ఎన్.ఏ. మార్పులు 12,111 తేలాయి. అవన్నీ కలిపినా ఐరోపా మూలాల వారిలో ఎత్తులోని తేడాల్లో సుమారు 40 శాతాన్నే వివరించగలిగారు. తక్కిన జాతుల వారిలో ఇంకా తక్కువ. ఎత్తు సంగతే ఇలా ఉంటే ఒక్క అక్షరాన్ని చూసి పరుగును చెప్పడం ఎలా సాధ్యం?

సరిగ్గా ఈ ప్రశ్నే వేసి లెక్క తేల్చినవారున్నారు. గ్రీసు దేశంలో 992 మంది కుర్రవాళ్ళను, ఆడపిల్లలను పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితం ప్రకారం, మగపిల్లల 40 మీటర్ల పరుగులో కనిపించిన తేడాల్లో ఈ జన్యువు వాటా 2.3 శాతం. ఆడపిల్లల్లో ఆ సంబంధం కనిపించనే లేదు. 2016లో వివిధ దేశాల మేటి స్ప్రింటర్లను కలిపి చూసినప్పుడు దీని వాటా ఒక శాతానికి లోపే తేలింది. అంటే అబద్ధం కాదు, ఉన్నది. కానీ రూపాయిలో ఒకటి రెండు పైసలు. మిగిలిన తొంభై ఎనిమిది పైసల సంగతి రిపోర్టులో లేదు.

ఒకే జన్యువు క్రీడాకారుణ్ణి చేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. ఫిన్లండు దేశపు మంచు పరుగుల వీరుడు ఈరో మాంటిరాంటా 1964 ఇన్స్‌బ్రుక్ శీతాకాలపు ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. ఆయన రక్తంలో హీమోగ్లోబిన్ అసాధారణంగా ఎక్కువ. వంశంలో వస్తున్న ఒక జన్యు మార్పు వల్ల శరీరం ఎర్రకణాలను మితిమీరి తయారుచేస్తున్నదని 1990 దశకం మొదట్లో తేలింది. ఇది నిజంగా పెద్ద ప్రభావం. కానీ అరుదు. అంతేకాదు, ఆ మార్పు ఉన్న బంధువులు చాలామంది ఉన్నారు. వారందరూ ఒలింపిక్స్‌కు పోలేదు.

రెండో సాక్షి: మన జ్ఞాపకం

ఇంతవరకూ కాగితాన్ని ప్రశ్నించాం. న్యాయంగా రెండో సాక్షిని కూడా ప్రశ్నించాలి. మన యౌవనపు అనుభవం మాత్రం నిక్కచ్చి సాక్ష్యమా?

మొదటిది గడియారం. వెనకటి రోజుల్లో మన మీట్లలో టైము చేతి స్టాప్‌వాచితో తీసేవారు. తుపాకి పొగ చూసి మీట నొక్కేసరికే కొంత కాలం గడిచిపోతుంది. అందుకే 100, 200 మీటర్ల పరుగుల్లో చేతి గడియారపు టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ. ఎవరైనా "నేను 11 సెకన్లలో పరుగెత్తాను" అంటే 11.24 అనుకుని వినాలి.

రెండోది వయస్సు. ఎనిమిదో తరగతిలో అందరికంటే ముందు మీసం మొలిచినవాడు స్కూలు పందాలన్నీ గెలుస్తాడు. అది జన్యువు గొప్ప కాదు, ఎదుగుదల ముందు రావడం. ఇంటర్‌కు వచ్చేసరికి మిగిలినవాళ్ళూ ఎదుగుతారు, ఇతగాడు వెనకబడతాడు. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు ఈలోగా "మనకు ఆటలు రావు" అని మైదానం మానేసి ఉంటాడు. మూడోది సదుపాయాలు. ఎర్రమట్టి ట్రాకు, వట్టి కాళ్ళు, స్టార్టింగ్ బ్లాకు మీద కాలెలా పెట్టాలో చెప్పేవాడు లేకపోవడం, హాస్టలు చారు. వీటన్నిటి మొత్తమే మన "అనుభవం".

పోలిక అన్నాను గనుక ఉదాహరణకు నా సంగతి చెబుతాను. నేను 1979 నుంచి 1982 దాకా ఈ కాలేజీలో చదివాను. వంద మీటర్లలో హీట్స్ దాటి ఫైనల్‌కు ఏనాడూ పోలేదు. 12.6 సెకన్లు నా గొప్ప టైము, అదీ చేతి గడియారంతో. 1500 మీటర్లలో మాత్రం ఇంటర్ కాలేజియేట్ మీట్‌లో రెండో స్థానం వచ్చింది. మొన్న మా అమ్మాయి చేయించిన పరీక్షలో నాకు ఆర్.ఆర్. అని వచ్చింది. రెండు ప్రతులూ పనిచేసేవే! కాగితం ప్రకారం నేను వంద మీటర్ల మనిషిని. ఇంతకీ మా తమ్ముడికీ అదే ఫలితం. వాడు కాలేజీ రోజుల్లో పరుగెత్తింది బస్సు వెనక తప్ప మరెక్కడా లేదు.

మరి ఎవరి మాట నమ్మాలి? నా వరకు సమాధానం తేలికే. రిపోర్టు నాలోని ఒక్క అక్షరాన్ని చూసింది. 1500 మీటర్ల పందెం నా గుండెనూ, ఊపిరినీ, కాళ్ళనూ, మా ఊరి నుంచి హైస్కూలుకు రోజూ పోనూ రానూ ఎనిమిది మైళ్ళు నడిచిన ఏడేళ్ళనూ కలిపి ఒకేసారి కొలిచింది. కొలత పెద్దదైన చోట సాక్ష్యమూ పెద్దది. అలాగని వంద మీటర్లు నావల్ల కాదని ఋజువైనట్టూ కాదు. స్టార్టు నేర్పేవారుంటే ఎంత తగ్గేదో ఎవరికి తెలుసు? రెండు సాక్ష్యాలూ కలిసినా అంతే జాగ్రత్త అవసరం. రిపోర్టు నా 1500 మీటర్లకు తగ్గట్టు వచ్చి ఉంటే "చూశావా, ఎంత సరిగ్గా చెప్పిందో" అని మురిసిపోయి ఉండేవాణ్ణి. చిలక జోస్యం నిలబడేది కూడా ఈ మురిపెం మీదే. సరిపోయినవి గుర్తుంటాయి, సరిపోనివి మరిచిపోతాం.

సాధన చేస్తేగాని తెలియని గుణం

జన్యువుల ప్రభావమే లేదని దీనర్థం కాదు. కవలల మీద, కుటుంబాల మీద జరిగిన పరిశోధనలు శరీర దారుఢ్యంలో వంశపు పాలు గట్టిదే అని చెబుతున్నాయి. అమెరికా, కెనడాలలో 1990లలో జరిగిన హెరిటేజ్ అనే కుటుంబాల అధ్యయనంలో 481 మందికి 20 వారాలపాటు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించారు. శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ సగటున 400 మిల్లీలీటర్ల మేర పెరిగింది. కానీ కొందరిలో పెరుగుదల దాదాపు సున్న, కొందరిలో ఒక లీటరుకు పైగా! ఈ తేడాలో సుమారు సగం పాలు కుటుంబానిదని తేలింది. అంటే సాధన వల్ల లాభం పొందే గుణం కూడా కొంత పుట్టుకతో వస్తున్నది. అయితే ఆ గుణం ఎవరిలో ఎంత ఉన్నదో తెలిసింది ఎలా? 20 వారాలు సాధన చేయించాక! మొదటి రోజున చూసి చెప్పగలిగే దారి లేకపోయింది.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి తలచుకుందాం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆవిడే. ఆమె అక్కచెల్లెళ్ళూ బరువులెత్తినవారే. ఇందులో రక్తం పాలు ఉండవచ్చు. కానీ అక్కడే నీలంశెట్టి అప్పన్న గారనే గురువు ఉండి, ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పకపోతే ఆ రక్తం సంగతి లోకానికి ఎలా తెలిసేది? జన్యువు విత్తనమైతే గురువూ, మైదానమూ తొలకరి. విత్తనాన్ని అరచేతిలో పెట్టుకుని ఎన్నాళ్ళు చూసినా పంట ఎంతో తెలియదు.

పిల్లల విషయంలో

ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇక్కడున్నది. నా పాత సహాధ్యాయి ఒకరు మనుమరాలి రిపోర్టు నాకు చూపించారు. పదకొండేళ్ళ పిల్ల, స్కూల్లో లాంగ్‌జంప్‌లో ముందుంటుంది. రిపోర్టులో ఎక్స్.ఎక్స్. "దూరపు పరుగులకు అనుకూలం" అని వ్రాశారు. లాంగ్‌జంప్ మాన్పించి వేరే కోచింగ్‌లో చేర్పిద్దామని ఇంట్లో ఆలోచన. "నువ్వేమంటావురా?" అని అడిగారు. నేను స్పెయిన్ క్రీడాకారుడి 8.26 మీటర్ల సంగతి చెప్పాను. తరువాత "పిల్లను అడిగారా?" అన్నాను. అడగలేదట. ఆ పిల్ల ఇప్పటికీ దూకుతూనే ఉన్నది. రేపు ఏమవుతుందో నాకు తెలియదు, రిపోర్టుకూ తెలియదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. క్రీడా వైద్యులు, జన్యు శాస్త్రజ్ఞులు కలిసి 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక ఉమ్మడి ప్రకటన వెలువరించారు. ప్రతిభను కనిపెట్టడానికిగాని, శిక్షణ నిర్ణయించడానికిగాని ఈ పరీక్షలకు ప్రస్తుత జ్ఞానంలో తావు లేదనీ, పిల్లలను వీటికి గురిచేయరాదనీ స్పష్టంగా చెప్పారు. పదకొండేళ్ళ పిల్లకు "నీ ఒంట్లో లేదు" అని చెప్పడం ఎంత బరువైన మాటో అధ్యాపకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట విన్న పిల్ల సాధన తగ్గిస్తుంది. సాధన తగ్గితే దూరం తగ్గుతుంది. అప్పుడు "రిపోర్టు నిజమే చెప్పింది" అంటారు!

ఇంకొక హెచ్చరిక. ఉమ్మి ఇచ్చేది ఒక్కరే అయినా అందులో ఉన్నది తల్లిదండ్రుల, తోబుట్టువుల, పుట్టబోయే పిల్లల సమాచారం కూడా. ఈ వ్యాపారంలో పేరెన్నికగన్న అమెరికా సంస్థ ట్వంటీత్రీ అండ్ మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది ఖాతాదారుల వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్ళింది. అటుపిమ్మట దాని ఆస్తులు చేతులు మారాయి. ఆ ఆస్తుల్లో జనం పంపిన జన్యు సమాచారం కూడా ఉన్నది. బ్యాంకు పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. డి.ఎన్.ఏ. మార్చుకోలేం.

ఎలా చదవాలి?

అయినా ముచ్చటపడి పరీక్ష చేయించుకున్నవారు మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఈ గుణం ఒక జన్యువుదా, వేల జన్యువులదా? ఈ ఫలితం నాకు ఉన్నట్టే ఇంకా ఎంతమందికి ఉన్నది? ఇదే విషయాన్ని నేరుగా కొలిచే సాధనం నాదగ్గర ఉన్నదా? పాలు అరుగుతాయో లేదో గ్లాసు పాలు చెబుతాయి. పరుగు సంగతి ట్రాకు చెబుతుంది.

విద్యార్థి మిత్రులకు, యూనియన్ స్పోర్ట్స్ సెక్రటరీకి ఒక చిన్న కోరిక. మన కాలేజీలో జరిగే ప్రతి పందెం ఫలితాన్నీ, గెలిచిన ముగ్గురి పేర్లే కాక పాల్గొన్న అందరి టైములనూ, దూరాలనూ ఒక రిజిస్టరులో వ్రాయండి. తేదీ, ట్రాకు తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా, టైము ఎలా తీశారు, అన్నీ. మొదటి ఏడాది ఆఖరున వచ్చినవాడు మూడో ఏడాదికి ఎంత ముందుకు వచ్చాడో ఆ పుస్తకం చూపిస్తుంది. ఏ ఉమ్మి పరీక్షా ఈ సంగతి చెప్పలేదు, ఎందుకంటే పుట్టుకతో వచ్చిన అక్షరాలు మూడేళ్ళలో మారవు, మనిషి మారతాడు. ఒక మనిషి ఎంత వేగంగా పరుగెత్తగలడో తెలుసుకోవడానికి అతన్ని పరుగెత్తనివ్వడం కంటే దగ్గర దారి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.